అర్ధశక్తి

ఆటలను గురించి తెలుగు పండితుడు వ్రాయడమేమిటని నవ్వుకోకండి. ముప్పది యేండ్లకు పైగా బడులలో గడిపినవాడిని. వ్యాయామోపాధ్యాయుడు సెలవు పెట్టిన రోజున ఈల నా మెడలోనే వ్రేలాడేది.

మన పాఠశాలల క్రీడాపోటీలు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో మండలస్థాయితో మొదలై జిల్లాకు, రాష్ట్రానికి ప్రాకుతాయి. కుంటలు నిండేదీ, దోమలు ముసిరేదీ, ఇంటింటా జ్వరాలు తిష్ఠ వేసేదీ అప్పుడే. మా నారాయణరావుపేట నుంచి సిద్దిపేటకు పోయే పిల్లలు చీకటితో లేచి, తడిసిన మైదానంలో ఆడి, ప్రొద్దుగూకినాక ఇల్లు చేరుతారు. పైస్థాయి పోటీలైతే ఏదో ఒక బడి గదిలో చాపల మీద పడక. కబడ్డీ ఆడే పిల్లలకు మరొక బాధ: జూనియర్ పోటీలలో వయసుతో పాటు బరువుకూ హద్దు ఉంటుంది కనుక, తూకానికి ముందు రెండు దినాలు అన్నం మానివేసినవారిని నేనెరుగుదును.

ఆటకూ జబ్బుకూ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా విచారిస్తున్నారు. 1987 నాటి లాస్ ఏంజిలిస్ మారథాన్‌లో పాల్గొన్నవారిని డేవిడ్ నీమన్ బృందం పరిశీలించింది. పరుగు తరువాతి వారంలో జలుబు, దగ్గుల వంటి వాటి పాలైనవారు 12.9 శాతం. వారివలెనే సాధన చేసి, అనారోగ్యం కాక వేరే కారణం వలన పరుగెత్తనివారిలో 2.2 శాతమే. తీవ్రశ్రమ పిమ్మట కొన్ని గంటలు దేహం తలుపులు తెరచి ఉంటాయన్న వాదం అలా బలపడింది. 2018లో కాంప్‌బెల్, టర్నర్ అనే బ్రిటిష్ పరిశోధకులు దానిని కాదన్నారు. శ్రమ తరువాత నెత్తురులో తెల్లకణాలు తగ్గడం అవి నశించినందువలన కాదట. ఊపిరితిత్తులు, ప్రేవుల వంటి చోట్లకు కాపలాకు తరలినందువలననట. మరి జబ్బు ఎక్కడిది? గుంపులో అంటు, నిద్రలేమి, ప్రయాణం, తిండి లోపం, బెంగ. నాకు ఈ వాదమే సబబనిపిస్తుంది. 2015లో ఆరిక్ ప్రాథర్ బృందం 164 మంది ముక్కులలో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఏడు గంటలకు మించి నిద్రించినవారికంటే ఆరు గంటల లోపు నిద్రించినవారు నాలుగు రెట్లకు పైగా జలుబుకు లోనయ్యారు.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో, బలవంతుడైనా అర్ధశక్తితోనే వ్యాయామం చేయాలన్నాడు. అదీ చలికాలంలో, వసంతంలో. తక్కిన ఋతువులలో ఇంకా మందంగా. అతివ్యాయామం వలన కలిగేవాటిలో దగ్గును, జ్వరాన్ని చేర్చాడు. అతి చేయరానివాటిలో వ్యాయామం ప్రక్కనే జాగరణాన్ని, బాటనడకను నిలిపాడు. మన పోటీల కాలపట్టిక ఆ మూడింటినీ వానకాలంలోనే ఒకచోట చేర్చింది! మార్గశిర పుష్యాలకు జరిపితే ఏమి అంటే పరీక్షలు అడ్డమంటారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మనవరాలు ఎనిమిదవ తరగతి, ఖోఖో ఆడుతుంది. జిల్లా జట్టుకు ఎంపికై, రాష్ట్ర పోటీలకు బయలుదేరే ముందునాడు నూటరెండు జ్వరం. జట్టు పెద్దలొకరు ఫోను చేశారు.

"గోళీ ఏస్తే దిగుతది సారూ, తోలియ్యండి. సైనా ఆటలమ్మ లేచినంక ఆడలేదా?"

నిజమే. 2009 ఆగస్టులో హైదరాబాదు ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలకు ముందు సైనా నెహ్వాల్‌కు ఆటలమ్మ సోకింది. అయినా క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. (ఆటగత్తెకు ఆటలమ్మ! భాష కూడా అప్పుడప్పుడు పరిహాసమాడుతుంది.) అయితే ఆమె జబ్బు నుంచి లేచి ఆడింది, జ్వరంతో కాదు. వైరస్ ఒంట్లో ఉండగా ఒళ్ళు విరుచుకొని పరుగెత్తితే, అరుదుగానైనా, గుండె కండరానికే వాపు రావచ్చునని మా వైద్యుడు హెచ్చరించాడు. గోళీ జ్వరాన్ని దించుతుంది గాని వైరస్‌ను తరమదు.

"తాతా, వచ్చే ఏడు నేను పద్నాలుగేండ్ల లోపు గుంపుల ఉండ. పెద్దపిల్లలతోని ఆడాలె. ఈ ఒక్కసారి!" అని ఏడ్చింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. పంపలేదు.

జట్టు ఆమె లేకుండానే వెళ్ళింది. నాలుగు దినాలు నాతో మాటలాడలేదు. జ్వరం విడిచాక పది దినాలు పరుగు వద్దని వైద్యుని ఆజ్ఞ. గోడ క్యాలెండరు మీద రోజుకొక గీత పెడుతున్నది. నేటికి ఏడు.