విశాఖ ఒడ్డున యుద్ధశేషములు

ఆత్రేయపురమున పూతరేకుల పొట్లములు కట్టించుకొని, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరపు ఆనకట్ట దాటి, రాజమహేంద్రవరమున రైలెక్కి విశాఖపట్టణము చేరిన నాకు, అచటి బంధువులు చూపదలచిన వింతలలో కైలాసగిరి మొదటిదైనను, నేను కోరి చూచినది మాత్రము సముద్రపుటొడ్డున ఇసుకలో సగము కూరుకొనియున్న కాంక్రీటు పిల్‌బాక్సు. మందమైన గోడలు, తుపాకి మొనకు చాలునంతటి సన్నని కంతలు. కప్పుపై కుర్రవాండ్రు కూర్చుండి పిడతకింద పప్పు తినుచుండిరి. వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు, "ఇసకేస్తే ములిగిపోద్ది బాబూ, కోతేస్తే మళ్లీ తేలతాది" అనెను.

జపాను సేనలు ఈ తీరమున దిగునేమో యను శంకతో రెండవ ప్రపంచయుద్ధ కాలమున కట్టిన కట్టడమిది. ఆ శంక వట్టిది కాదు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపైనను, మా గోదావరి సీమలోని కాకినాడపైనను బాంబులు వైచినవి. ఆనాడు పడియు పేలని బాంబొకటి బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియమున నేటికిని కలదు.

ఆ పిల్‌బాక్సు యెదుట నిలిచినపుడు నా తలపు ఇంగ్లండునకు మరలినది. అచట 1939 నుండి కర్నల్ జాన్ టర్నర్ ఆధ్వర్యమున, జర్మను శత్రువును వంచించుటకై కల్పిత విమానాశ్రయములనే నెలకొల్పిరి. షెప్పర్టన్‌లోని సినిమా స్టూడియోవారు కొయ్యచట్రములపై గుడ్డ బిగించి, బెల్లము నేయి లేని పూతరేకులవంటి విమానములు చేసియిచ్చిరి. సెట్టింగుల విద్య ప్రాణరక్షణకు అక్కరకు వచ్చుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. రాత్రులందు బయళ్లలో దీపములు బారులు తీర్చి, రన్‌వేయని భ్రమింపజేసిరి. 1940 నవంబరున కోవెంట్రీ నగరము బాంబులకు దగ్ధమైన పిదప, ఊళ్లకు దూరముగా మంటలు రగిల్చి, నగరమే తగులబడుచున్నదని వైమానికులు నమ్మి బాంబులు అచటనే కురియునట్లు చేయు ఉపాయమును పన్నిరి. బ్రిస్టలును కాపాడుటకై మెండిప్ కొండలలోని బ్లాక్ డౌన్‌పై ఏర్పరచిన అట్టి స్థలము నేడు రక్షిత స్మారకము.

బూటకపు లక్ష్యములను సైతము వారు చరిత్రగా భద్రపరచుకొనగా, నిజముగా బాంబులు పడిన మన తీరమున నిజమైన కావలిగూడు కెరటముల దయకు విడువబడుట న్యాయము కాదు. నగరపాలకులు ఇసుక తీయించి, కోతకు అడ్డుకట్ట వేసి, ఏప్రిల్ 6 నాటి వృత్తాంతమును తెలుగున చెక్కించిన శిలాఫలకమును అచట నిలుపుదురు గాక. కాకినాడలోను అట్టిదొకటి ఉండవలెను.