మల్లిక్ బజారులో మూడు రోజులు

కలకత్తా చూచి వచ్చినవారు విక్టోరియా స్మారక భవనాన్ని గురించి, కాళీఘాట్, దక్షిణేశ్వరాలను గురించి, హౌరా వంతెనను గురించి వర్ణించి చెప్పడం పరిపాటి. నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా ఈ వర్ణన మాత్రం మారలేదు. కార్యాలయపు పనిమీద ఈ జనవరిలో అక్కడికి వెళ్ళిన మేము ముగ్గురం అవన్నీ స్థూలంగా చూశాము. కాని మాకు దొరికిన తీరికలో అధిక భాగం మల్లిక్ బజారులో గడిచింది. యాత్రికుల చిత్రపటాలలో ఈ బజారు కనిపించడం అరుదు.

పార్క్ స్ట్రీట్ తూర్పు కొసన, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డును కలిసేచోట ఉన్నది ఈ ప్రదేశం. చుట్టుపక్కల రెండు ప్రాచీన శ్మశానవాటికలున్నాయి. 1767లో ఏర్పడిన ఒకదానిలో సర్ విలియం జోన్స్, రెండవదానిలో బెంగాలీ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు శాశ్వత నిద్రలో ఉన్నారు. ఆ ప్రశాంతతకు అల్లంత దూరంలోనే సుత్తి దెబ్బల మోత. ప్రాణం పోయిన మోటారు వాహనాల అవయవాలు గేరు పెట్టెలుగా, తలుపులుగా, స్టీరింగు చక్రాలుగా, దీపాలుగా దుకాణాల ముందు గుట్టలు పడి ఉంటాయి. ఏ గుట్టలో ఏమున్నదో ఆ దుకాణదారుకు మాత్రమే తెలుసు.

మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళినది మా సంస్థలోనే పనిచేసి పదవీ విరమణానంతరం అక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన. కలకత్తాకు బదిలీపై వచ్చిన కొత్తలో, 1996లో, ఆయన ఒకరు వాడిన అంబాసిడర్ కారును కొన్నారు. ఆయన శ్రీమతి కారు నడపడం నేర్చుకున్నది దానిమీదనే. రిజిస్ట్రేషను గడువు తీరవస్తున్నది. పదిహేనేళ్ళు దాటిన సొంత వాహనానికి ఐదేళ్ళకొకసారి పరీక్ష జరిపించి పునరుద్ధరించుకోవాలి గదా! బండి పరిస్థితి చూస్తే తెల్లవారుజామున ఎంత ప్రయత్నించినా స్టార్టు కాదు. అయి వేడెక్కిన తరువాత, ఆక్సిలరేటరు మీద కాలు లేకపోయినా, ఏదో తరుముకొస్తున్నట్లు ఇంజను రొద చేస్తుంది. పెట్రోలు కార్లకు పొగ పరీక్ష జరిగేది ఐడ్లింగులోనే. హైదరాబాదులోని పిల్లలు తుక్కు కింద అమ్మివేయమంటున్నారు. "పరీక్షలో తప్పితే అప్పుడు చూద్దాం" అన్నది ఆమెగారి తీర్పు.

ఆ కారు పుట్టిల్లు కూడా దూరం కాదు. హుగ్లీ నది ఆవలి ఒడ్డున, ఉత్తరపాడా వద్ద హిందూస్థాన్ మోటార్స్ కర్మాగారం ఉండేది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారం చేసుకుని 1950ల చివర అంబాసిడర్ అక్కడ రూపొందింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ పేరును 2017లో ఎనభై కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ కొనుక్కున్నది. కొత్త విడిభాగాల రాక సన్నగిల్లిన కొద్దీ మల్లిక్ బజారు వంటి చోట్లే ఈ బండ్లకు దిక్కు.

మేము కలుసుకున్న మిస్త్రీ అరవయ్యేళ్ళు దాటిన మనిషి. సంగతంతా విని, "వేడి బండిని నాకు చూపించవద్దు బాబూ. రాత్రికి ఇక్కడ వదలి, తెల్లవారి రండి" అన్నాడు. ఈ ఒక్క మాటతోనే ఆయనపై మాకు గురి కుదిరింది. జ్వరం వచ్చినప్పుడు గదా వైద్యుడు నాడి చూడవలసినది!

మరునాడు ఉదయం పొగమంచు ఇంకా విడలేదు. ముందు ప్లగ్గులు విప్పి నిప్పురవ్వ చక్కగా వస్తున్నదని నిర్ధారించుకున్నాడు. ప్లగ్గుల కొసలు పొడిగా, తెల్లగా ఉన్నాయి. అంటే ఇంజనుకు చేరవలసినంత పెట్రోలు చేరడం లేదు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక మొదట దాని పాలు ఎక్కువగా ఉండాలి. అందుకే చోక్. ఈ బండిలోని ఎస్.యు. కార్బురేటరులో చోక్ లాగితే జెట్ కిందికి దిగి పెట్రోలు అధికంగా వస్తుంది. దానితోపాటు ఒక చిన్న కామ్ థ్రాటిల్‌ను కొంచెం తెరచి ఉంచుతుంది.

మాలో ఒకరిని లోపల కూర్చోబెట్టి చోక్ పిడిని లాగమని, తాను కార్బురేటరు కింద దీపం పట్టి చూశాడు. పిడి పూర్తిగా బయటికి వచ్చింది. జెట్ మాత్రం సగమే దిగింది. పిడిని లోపలికి నెట్టితే జెట్ సగంలోనే నిలిచింది, కామ్ కూడా వెనుకకు పోలేదు. బిగింపు వద్ద తీగ జారుతున్నది, దాని తొడుగు లోపల తుప్పు పట్టింది. దిగవలసినంత దిగక చలిలో మొరాయింపు, ఎక్కవలసినంత ఎక్కక వేడిలో రొద! రెండు రోగాలనుకున్నది ఒకే తీగ చేసిన పని అని మేము సంతోషించాము.

మిస్త్రీ సంతోషించలేదు. తీగ మార్చి, ఎలాగో ఇంజను నడిపించి, థ్రాటిల్ స్పిండిల్ రెండు చివరలా కుంచెతో చిక్కని నూనె అద్దాడు. రొద స్వరం ఒక్కసారి మారింది. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి స్పిండిల్ అరిగి, ఆ సందులోనుంచి అదనపు గాలి లోపలికి పోతున్నది. గాలి ఎక్కువై ఇంజను ఆగిపోతుంటే, ఇదివరలో చూచిన మెకానిక్ ఎవరో ఐడ్లింగు స్క్రూను బాగా బిగించి పని జరుపుకున్నాడు. ఇది కలకత్తాకే పరిమితమైన విద్య కాదని పాఠకులకు తెలియనిది కాదు.

కార్బురేటరును విప్పి పక్క సందులోని లేతు పనివాడి వద్దకు పంపారు. రంధ్రాన్ని విస్తరించి కంచు బుష్షులు దిగవేసి, కొత్త స్పిండిల్ అమర్చేసరికి సాయంత్రమైంది. పెట్రోలు గొట్టాలను కూడా మిస్త్రీ మార్పించాడు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు ఇరవై శాతానికి చేరిందనీ, పాతకాలపు రబ్బరు దానికి నిలవదనీ ఆయన వివరించిన తీరు ఏ శిక్షణ కేంద్రంలోని ఉపన్యాసానికీ తీసిపోదు. ఐడ్లింగు స్క్రూను మాత్రం అన్నిటికంటె చివర ముట్టుకున్నాడు. అంబాసిడరులో ఇంజను వేగం చూపే మీటరు లేదు. ఆయన కళ్ళు మూసుకుని చెవితోనే సరిచేశాడు.

మూడవనాటి ఉదయం పరీక్ష. రాత్రంతా ఆరుబయట నిలిచిన బండిలో పెద్దాయన శ్రీమతి స్వయంగా కూర్చుని, చోక్ లాగి తాళం తిప్పారు. మొదటిసారి దగ్గి ఊరుకుంది. రెండవసారి అందుకున్నది. చోక్ పిడిని కొంచెం కొంచెంగా లోపలికి నెట్టుతూ పోగా, రెండు మూడు నిమిషాలలో రొద దిగి కుట్టుమిషను శబ్దంలా నిలకడకు వచ్చింది. పెద్దాయన ఏమీ అనలేదు. మట్టికోవలలో అందరికీ టీ తెప్పించారు. అరిగిన పాత స్పిండిల్‌ను మిస్త్రీ పారవేయక, ఒక రేకు డబ్బాలో దాచుకున్నాడు.

మేము తిరిగి వచ్చిన వారానికి పెద్దాయన ఫోను చేశారు. పొగ పరీక్షలో బండి నెగ్గిందట. ఫిట్‌నెస్ అధికారి మాత్రం ఎడమవైపు హెడ్‌లైటు మార్చి తీసుకురమ్మన్నారట. మరునాడే దంపతులిద్దరూ మళ్ళీ మల్లిక్ బజారుకు బయలుదేరుతున్నారు.