ఆ క్షణమందలి మనస్సు

ప్రతిదినము ఆలయములో సంకల్పము చెప్పించేటప్పుడు దేశకాలములు స్మరింపజేసి, గోత్రనామములు పలికించి, ఆ తరువాతనే కర్మ ఆరంభింపజేస్తాము. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏ ఉద్దేశముతో అన్నది తేలనిదే కర్త స్థిరపడడు. ముప్పది ఏండ్లుగా చేయిస్తున్న ఈ పనికి న్యాయస్థానముతో సాదృశ్యమున్నదని నాకెన్నడూ తోచలేదు.

మా ఆలయమునకు వచ్చే ఒక కుటుంబములోని యువకుడు తండ్రిని హతమార్చిన అభియోగముపై కారాగారమునకు వెళ్ళాడు. అదృశ్యులెవరో తనతో మాట్లాడుతున్నారని అతడు చాలకాలముగా అనేవాడు. తల్లి వచ్చి అడిగితే గ్రహశాంతి చేయించాను. వైద్యునికి చూపించమని మాత్రము చెప్పలేదు. ఈ వాక్యము సంకోచిస్తూనే వ్రాస్తున్నాను.

కొన్ని మాసముల తరువాత ఒక మనోవిజ్ఞాన నిపుణురాలు నన్ను వెదుక్కుంటూ వచ్చారు. ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ అంటారట. నిందితునితో పలుమార్లు సంభాషించడము, మానసిక పరీక్షలు జరపడము, పాత చికిత్సాపత్రములు చూడటము, ఉన్మాదమును అభినయిస్తున్నాడేమోనని శంకించి పరిశీలించడము, అతనిని ఎరిగినవారిని విచారించడము ఆమె పని.

"వ్యాధి ఉన్నదని తేలితే విడిచిపెడతారా అమ్మా?" అని అడిగాను.

"వ్యాధి ఉంటే చాలదు పంతులుగారూ" అన్నారామె. మునుపటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్, నేటి భారతీయ న్యాయ సంహితలోని 22వ సెక్షన్ అడిగేది వేరట: ఆ పని చేసిన క్షణములో, చిత్తవైకల్యము వలన, తానేమి చేస్తున్నాడో, అది తప్పో, చట్టవిరుద్ధమో ఎరుగలేని స్థితిలో ఉన్నాడా? విచారణను అర్థము చేసుకొని తన పక్షము చెప్పుకోగలడా అన్నది నేటి స్థితికి చెందిన మరియొక ప్రశ్న. గడచిన క్షణమును ఎవరు చూడగలరు? అందుకే ఘటనకు పూర్వము, ఘటనాసమయమున, తదనంతరము అతని నడవడిని పరిశీలించాలని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పినదట.

పాఠశాలలో ప్రాయశ్చిత్త ప్రకరణము చదివిన దినములు గుర్తుకు వచ్చాయి. బుద్ధిపూర్వకముగా చేసినదానికి ఒక విధి, అబుద్ధిపూర్వకమునకు మరొక విధి. ఆ భేదమును కంఠస్థము చేశాము గాని, ఒక మనుష్యుని విషయములో దానిని ఎట్లు నిర్ణయిస్తారని గురువుగారిని మేమెవరమూ అడగలేదు.

"ఆ సాయంకాలము అతడు మీ వద్దకు వచ్చాడటగా?" అన్నారామె.

వచ్చాడు. ఆ సంగతి చెప్పవద్దని ముందురోజే తల్లి నా పాదములు పట్టుకొని ఏడ్చినది. తడిబట్టలతో వచ్చి, ఎవరైనా అడిగితే మధ్యాహ్నము నుండి ఇక్కడే ఉన్నానని చెప్పమన్నాడు. చేసినది దాచవలసినదని అతనికి తెలుసునన్నమాట. చెప్పాను. ఆమె వ్రాసుకున్నారు.

"ఇంకేమైనా అన్నాడా?"

తీర్థము పుచ్చుకొని, ప్రక్కనున్న శూన్యప్రదేశమును చూపి, "నాన్నగారికి కూడా ఇవ్వండి" అన్నాడు. నేను చేయి వెనుకకు తీసుకున్నాను.

ఆమె కలము ఒక్క క్షణమాగినది. ఈ రెండిటిలో ఏది ప్రమాణమని అడిగాను. రెండూ వ్రాస్తానన్నారు; అతడు దోషియా, నిర్దోషియా అన్నది న్యాయమూర్తి నిర్ణయించవలసినదే గాని తనది కాదన్నారు.

విచారణ నడుస్తున్నది. ప్రతి మాసము అతని జన్మనక్షత్రము నాడు తల్లి అర్చనకు వస్తుంది. గోత్రము, పేరు చెబుతుంది. నా ముఖము చూడదు. నేను సంకల్పము చెబుతాను.