మెడ వాలు
మూడో వారంలో మా మనవడి తల కుడిపక్కకు వాలి, గడ్డం ఎడమకు తిరిగి ఉండేది. తడిమితే మెడ కుడిపక్కన చిక్కుడు గింజంత గడ్డ. "ఎత్తుకోవడం చేతగాక మెడ పట్టించావు" అని మా ఆవిడ కోడల్ని దెప్పింది. నేను పేపరు చదువుతూ ఊరుకున్నాను.

బరంపురంలో డాక్టరుగారు అల్ట్రాసౌండు తీయించారు. చెవి వెనకనుంచి రొమ్ము ఎముకదాకా వచ్చే కండరం ఒకచోట లావెక్కి బిగిసిందట. "ఎత్తుకోవడంవల్ల వచ్చింది కాదు. మూడు నెలలలోపే తెచ్చారు, వ్యాయామంతో సర్దుకుంటుంది" అన్నారు.

తలను మెల్లగా ఎడమకు వంచడం, ముఖం కుడికి తిప్పించడం, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడం ఫిజియోథెరపీ ఆవిడ నేర్పింది. ఒడియాలో ఇచ్చిన ఆ కాగితాన్ని మా ఆవిడకోసం తెలుగులో రాసిచ్చాను. రోజూ గిలక్కాయ కుడివైపే ఆడించింది.

అయిదో నెలకు మెడ నిటారుగా నిలిచింది. ఆనాడు ఊరుకున్నందుకు కోడలికి నేనింకా క్షమాపణ చెప్పలేదు. చదువుతుందని ఇక్కడ రాస్తున్నాను.