ఉప్పల్ వైపు వస్తే ఏం చూస్తారు?

పిల్లలూ! సెలవులకు హైదరాబాదు వచ్చినవారు సాధారణంగా ఏమేమి చూసి వెళతారు? చార్మినార్, గోల్కొండ కోట, సాలార్‌జంగ్ మ్యూజియం, జంతు ప్రదర్శనశాల. బడి తెరవగానే స్నేహితులకు చెప్పేదీ వాటిని గురించే. అవి చూడవలసినవే, నేను కాదనను. కాని నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి, మౌలాలీ అనే పేటలున్నవి. వరంగల్లుకో, యాదగిరిగుట్టకో పోయేవారు ఉప్పల్ చౌరస్తాకు వస్తారు, బస్సు దొరకగానే ఎక్కి వెళ్ళిపోతారు. ఇక్కడ దుమ్మూ రద్దీ తప్ప చూసేదేమున్నదని వారి అభిప్రాయం. నేను ఉండేది నాచారంలో. ఆ మాట వింటే నాకు కొంచెం కోపం వస్తుంది. ఈసారి మీరు వచ్చినప్పుడు ఒక్కరోజు నాకివ్వండి. ఏమి చూడాలో, ఏమి తినాలో చెబుతాను.

2016 లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినది. మల్కాజిగిరి అనే పేరు మల్లికార్జునగిరి నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. పేరులోనే గిరి ఉన్నది చూశారా? కనుక మన ప్రయాణం కూడా గుట్టతోనే మొదలుపెడదాం.

తెల్లవారి ఆరు గంటలకల్లా మౌలాలీ గుట్ట కిందికి చేరుకోవాలి. అంత పొద్దున్నే ఎందుకంటారా? దానికొక కథ ఉన్నది, కాసేపట్లో చెబుతాను. గుట్ట పైకి సుమారు 500 మెట్లున్నవి. పైన హజ్రత్ అలీ పేరుమీద వెలసిన దర్గా ఉన్నది. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్న కాలంలో, 1578 లో, ఆయన కొలువులోని యాకూత్ అనే ఉద్యోగికి ఇక్కడ అలీ కలలో కనిపించాడనీ, మెలకువ వచ్చి చూస్తే రాతిమీద చేతి గుర్తు ఉన్నదనీ ఒక గాథ. మతభేదం లేకుండా అందరూ ఈ గుట్ట ఎక్కుతారు. పైకి వెళ్ళి నాలుగు దిక్కులా చూడండి. ఇళ్ళు, రైలు పట్టాలు, చెరువులు, దూరాన మెట్రోరైలు వంతెన, అన్నీ బొమ్మలకొలువులా కనిపిస్తవి.

ఇప్పుడు చూపు దించి మీ కాళ్ళ కింద ఉన్నదాన్ని చూడండి. అది నల్లరాయి అంటారు కాని నిజానికి నలుపు కాదు. గులాబీ, తెలుపు, నలుపు కలిసిన గ్రానైటు. దగ్గరగా చూస్తే అందులో మూడు రకాల పలుకులు కనిపిస్తవి. గాజు ముక్కలా ఉండేది స్ఫటికం. గులాబీ రంగుగానో తెల్లగానో ఉండేది ఫెల్‌స్పార్. తళుక్కుమనే నల్లని రేకులు అభ్రకం. ఒకప్పుడు ఇది భూమి లోతుల్లో కరిగి ఉన్న ముద్ద. పైన దళసరి పొరలు కప్పి ఉండటంచేత చాలా నెమ్మదిగా చల్లారింది. నెమ్మదిగా చల్లారినందువల్లనే పలుకులు కంటికి కనిపించేంత పెద్దవైనవి. పాకం నెమ్మదిగా ఆరితే కలకండ పలుకులు పెద్దవిగా కట్టవూ, అలాగే.

ఇదంతా ఎప్పటి మాట అనుకున్నారు? సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందటి మాట! ఆ సంఖ్య వింటే తల తిరుగుతుంది కనుక ఇలా ఆలోచించండి. ఆ 250 కోట్ల సంవత్సరాలనూ ఒక్క రోజుగా కుదించి, ఇప్పుడు రాత్రి పన్నెండు కొడుతున్నదనుకుందాం. హిమాలయాలు లేవడం మొదలైనది సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట, అంటే మన గడియారంలో రాత్రి పదకొండున్నరకు. 1591 లో కట్టిన హైదరాబాదు నగరం వయసు ఈ గడియారంలో సెకనులో అరవయ్యో వంతుకు కూడా రాదు. హిమాలయాలకు తాతముత్తాతల వంటి రాయిమీద మీరు చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నారన్నమాట!

మరి లోతుల్లోని రాయి పైకెలా వచ్చింది? గాలీ వానా పైపొరలను కొంచెం కొంచెంగా అరగదీసుకుంటూ పోయినవి. బరువు తగ్గగానే రాయి ఉబ్బి బీటలు వారింది. బీటల్లోకి నీరు దిగి మూలలను తినివేసింది. మూలలు పోతే మిగిలేది గుండ్రాయి. బండమీద బండ పెట్టినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేటట్టు కనిపించే రాళ్ళన్నీ అలా ఏర్పడినవే. ఏ రాక్షసుడూ తెచ్చి పేర్చలేదు.

ఇక పొద్దున్నే రమ్మన్న కథ. 1994 లో నేను ఉపాధ్యాయుణ్ణి. ఏప్రిల్ నెలలో ఒకనాడు నలభైమంది పిల్లలను వెంటబెట్టుకుని ఈ గుట్టకు విహారయాత్రకు వచ్చాను. వచ్చేసరికి పదకొండయింది. తెచ్చిన నీళ్ళు సగం మెట్లకే అయిపోయినవి. ఎండకు మెట్లు పెనంలా కాలుతున్నవి. కొందరు పిల్లలకు చెప్పులు కూడా లేవు. ఒక అమ్మాయి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తప్పు నాదే, పిల్లలది కాదు.

అప్పుడు వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు ముందుకు వచ్చి, "సార్, ఇటు రాండ్రి. రెండు బండల నడుమ నీడ ఉంటది. అక్కడ సల్లగుంటది" అన్నాడు. నిజమే, మెట్ల పక్కనే పెద్ద బండల సందున చలివేంద్రంలో ఉన్నంత చల్లగా ఉన్నది. అందరమూ అక్కడ చేరాము. వాడే కిందికి పరుగెత్తి రెండు బిందెల నీళ్ళు సంపాదించుకుని వచ్చాడు. పిల్లలు తేరుకున్న తరువాత, "నీకీ చోటు ఎలా తెలుసురా?" అని అడిగాను. వాళ్ళ నాన్న రాళ్ళు కొట్టే పనిలో ఉన్నాడట. సెలవు రోజుల్లో తానూ వెళతాడట.

"రాయికి పొర ఉంటది సార్. పొర దొరికితే రాయి చెప్పినట్టు వింటది. దొరకకపోతే ఎంత కొట్టినా సుత్తే విరుగుతది" అన్నాడు. పొర కనిపెట్టి, దాని వెంట ఉలితో వరసగా చిన్న చిన్న గుంతలు తొలుస్తారు. ఒక్కొక్క గుంతలో ఇనుప చీల దింపుతారు. సమ్మెటతో ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోతారు. కాసేపటికి చప్పుడు మారుతుందట. అప్పుడు ఆగాలి. బండ దానంతటదే చీరినట్టు రెండుగా విడిపోతుంది. అంతకు వారం ముందే నేను తరగతిలో, "ఈ ప్రాంతమంతా రాళ్ళగుట్టలు, పంటకు పనికిరావు" అని ఒక్క ముక్కలో తేల్చి పాఠం ముగించాను. ఆ రోజు వాడు చెప్పినంత భూగోళం నేను ఏడాదంతా చెప్పలేదు.

వాళ్ళ నాన్న కొట్టిన గుట్ట ఇప్పుడు లేదు. దానిమీద ఇళ్ళు లేచినవి. ఎవరిని తప్పుపట్టగలం? ఆ కూలితోనే వాడు చదువుకున్నాడు. మా ఇంటి పునాదిలో ఉన్నదీ అటువంటి రాయే. అయినా ఒకసారి పగలగొట్టిన గుట్ట మళ్ళీ మొలవదు కదా! ఇది గ్రహించి కొందరు 1996 లో రాళ్ళను కాపాడటానికే ఒక సంఘం పెట్టుకున్నారు. నగరంలో వారసత్వ సంపదగా గుర్తించిన రాతి ఆకారాలలో మౌలాలీ దగ్గరి సెంటినల్ రాక్, అనగా కావలిరాయి, ఒకటి. గుట్ట కింద ఎవరినైనా అడిగి దాన్ని కూడా చూడండి.

గుట్ట దిగగానే పాదంలోనే మహలఖా బాయి సమాధి ఉన్నది. ఆమె 1768 నుంచి 1824 వరకు జీవించిన ఉర్దూ కవయిత్రి. గజళ్ళు వ్రాసింది, గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చింది. తల్లికోసం తాను కట్టించిన తోటలోనే ఆమె సమాధి కూడా ఉన్నది. చాలాకాలం పాడుపడి ఉంటే, 2010 తరువాత అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధితో బాగుచేశారు.

ఈపాటికి మీకు ఆకలి వేస్తుంటుంది. ఇరానీ హోటలు ఎక్కడ కనిపించినా సరే, కూర్చోండి. ఇరానీ చాయ్‌లో డికాక్షను వేరుగా, పాలు వేరుగా చాలాసేపు మరిగించి, అడిగినప్పుడు కలిపి ఇస్తారు. చిన్నపిల్లలకు అంత చాయ్ వద్దు. మీకు ఉస్మానియా బిస్కెట్లు చాలు. ఉప్పూ తీపీ కలిసి నోట్లో వేసుకుంటే కరిగిపోతవి.

తరువాత మెట్రోరైలు ఎక్కండి. 2017 నవంబరులో నాగోలు నుంచి ఈ మార్గం మొదలైనది. అందులో ఎన్.జి.ఆర్.ఐ. అని ఒక స్టేషను ఉన్నది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు అది పొడిపేరు. 1961 లో స్థాపించారు. భూమి ఎక్కడ కంపించినా ఇక్కడి యంత్రాలు పట్టుకుంటవి. పొద్దున్న మీరు ఎక్కిన గుట్ట వంటి రాళ్ళ వయసు లెక్కగట్టే పండితులు ఇక్కడ ఉన్నారు. దానికి దగ్గరలోనే సి.సి.ఎం.బి. ఉన్నది. 1977 లో మొదలైన ఈ సంస్థలో జీవకణాలను గురించి పరిశోధిస్తారు. ఈ రెండింటిలోకీ ఊరికే పోనివ్వరు సుమా! ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం ప్రాంతంలో విద్యార్థులకు ప్రయోగశాలలు చూపించడం ఆనవాయితీ. మీ మాస్టారుచేత ముందే ఉత్తరం వ్రాయించండి.

క్రికెట్ అంటే చెవి కోసుకునే వారికి తరువాతి స్టేషను స్టేడియం. ఈ మైదానంలో మొదటి టెస్టు 2010 నవంబరులో న్యూజిలాండుతో జరిగింది. అందులో బంతులు వేసే హర్భజన్ సింగ్ బ్యాటు పట్టుకుని 111 పరుగులు చేసి, అవుట్ కాకుండా నిలిచాడు!

సాయంత్రానికి ఉప్పల్ చౌరస్తాకు చేరండి. 2023 లో ఇక్కడ పాదచారులకోసం ఆకాశవంతెన కట్టారు. దానిమీదికి ఎక్కి వాహనాల వరదను చూడటం కూడా ఒక వేడుకే. దిగి వచ్చాక అసలు భోజనం. రోడ్డు పక్క పొయ్యిలు పెట్టుకుని ఆడవాళ్ళు జొన్నరొట్టెలు చేస్తుంటారు. పిండిముద్దను చేత్తో తట్టడమే తప్ప అప్పడాల కర్రతో పని లేదు. వేడివేడి రొట్టెతో మిరపకాయ తొక్కు తింటే బిర్యానీ గుర్తురాదు. బిర్యానీకి ఎలాగూ మీ మామయ్య తీసుకువెళతాడు. వేసవిలో వస్తే తాటిముంజలు, చలికాలం మొదట్లో వస్తే సీతాఫలాలు వదలకండి. రంజాను నెల అయితే హలీం. గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఎనిపి చేస్తారు. హైదరాబాదు హలీముకు 2010 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పుల్లనీళ్ళతో ఇచ్చే బండి తిండ్లు మాత్రం నా మాట విని మానండి. ఒకసారి నేను వాటితో నాలుగు రోజులు మంచంమీద ఉన్నాను.

అన్నిటికంటె నాకు ఇష్టమైనది సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి తడిపి, గిన్నె అడుగున చేత్తో పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, వాటిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నని మంటమీద ఉంచుతారు. రంధ్రాలు ఎందుకో తెలుసునా? ఆవిరి వాటిగుండా పైకి పోతుంది, నూనె వాటిగుండా అడుగుకు చేరుతుంది. అందుకే అడుగు కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది. మా ఆవిడ ఇలా వరసగా గుంతలు పెడుతూ ఉంటే నాకు ప్రతిసారీ ఆ కుర్రవాడు, వాడు చెప్పిన రాతి గుంతలు గుర్తుకు వస్తవి.

ఉప్పల్‌లో పిండివంటలు అమ్మే కొట్లలో సర్వపిండి అడిగి చూడండి. దొరికితే వేడిగా ఉండగానే పొట్లం విప్పండి. బస్సు వరంగల్లు చేరేదాకా దాచుకుంటే కరకర పోయి మెత్తబడుతుంది.