దుప్పటి మీద గీత ఎవరిది?

రెడ్‌మండ్‌కి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే మనందరిదీ ఒకటే వరస. ఒక శనివారం స్నోక్వాల్మీ జలపాతం, ఇంకో వారం సియాటిల్‌లో పైక్ ప్లేస్ మార్కెట్. వెళ్లేటప్పుడు పెట్టెలో చాక్లెట్లు, ఫ్రిజ్‌కి అంటించే టోటెం పోల్ బొమ్మ.

టోటెం పోల్ అసలు ఈ ప్రాంతానిది కాదు. అలా నిలువెత్తు స్తంభాలు చెక్కే సంప్రదాయం ఇంకా ఉత్తరాన అలాస్కా, కెనడా తీరాల వాళ్లది. సియాటిల్ పయనీర్ స్క్వేర్‌లో నిలబెట్టిన మొదటి స్తంభాన్ని 1899లో అలాస్కాలోని ఒక ట్లింగిట్ పల్లె నుంచి, అడక్కుండా ఎత్తుకొచ్చారు.

మరి ఇక్కడి వాళ్లెవరు? మన రెడ్‌మండ్ టౌన్ సెంటర్ దగ్గరే, బేర్ క్రీక్ ఒడ్డున 10,000 ఏళ్లకు పైబడిన రాతి పనిముట్లు దొరికాయి. స్నోక్వాల్మీ, డువామిష్ వంటి ఇక్కడి తెగలు కోస్ట్ సేలిష్ జనం. వాళ్ల గీత వేరు. చంద్రవంకలు, గుండ్రాలు, మూడు కొసల ఆకారాలు. ఆడవాళ్ల చేతిపని ఉన్ని దుప్పట్ల నేత. ఆ ఉన్ని కోసమే ఒకప్పుడు బొచ్చుకుక్కల్ని ప్రత్యేకంగా పెంచేవారు!

పిల్లల సీహాక్స్ టీషర్టు మీది పక్షి తలకి కూడా మూలం ఒక కొయ్య ముసుగే. అది కెనడా తీరపు క్వాక్వకావక్వ జనానిది. మూస్తే పక్షి, తెరిస్తే లోపల మనిషి ముఖం. 2014లో సియాటిల్ బర్క్ మ్యూజియం వాళ్లు దాన్ని మెయిన్ రాష్ట్రం నుంచి తెప్పించి ప్రదర్శించారు. టీషర్టు మీద మాత్రం ఆ జనం పేరు ఎక్కడా ఉండదు.

పైక్ ప్లేస్‌లోనే 'ఎయిత్ జనరేషన్' అనే దుకాణం ఉంది. నూక్సాక్ తెగకు చెందిన లూయీ గాంగ్ మొదలుపెట్టారు. 2019లో స్నోక్వాల్మీ తెగ దాన్ని కొనుక్కుంది. అదే ఏడాది జలపాతం పక్కనున్న హోటల్‌నీ, చుట్టూ నేలనీ కూడా కొంది. మనం ఫొటోలు దిగే ఆ జలపాతం వాళ్లకు పుణ్యక్షేత్రం మరి. ఈ దుకాణంలో దుప్పట్లు మరమగ్గం మీదే నేస్తారు, కానీ డిజైన్ గీసినవాళ్ల పేరు, తెగ చెబుతారు.

పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో జీఐ గుర్తింపు వచ్చినా ప్రింటు చీరల్ని అదే పేరుతో అంటగట్టేవాళ్లు ఆగలేదు. అందుకే మనం చీర తిరగేసి, వెనకా అదే రంగు ఉందో లేదో చూస్తాం. ఇక్కడ తిరగేసి చూసేందుకేం లేదు, నోరు తెరిచి అడగడమే: చేసిందెవరు, ఏ తెగ? ఇతరులు చేసిన వస్తువుని అమెరికన్ ఇండియన్ల పని అని అమ్మడం 1990 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం. అడిగితే ఏమీ అనుకోరు. పేరు చెప్పలేకపోతే అది మామూలు అయస్కాంతం బొమ్మ, ఆ ధరే ఇవ్వండి.

దుప్పటి ఖరీదెక్కువే, బరువు కూడా. అత్తగారి పెట్టె ముందే తూచుకోండి.