ఐదో కాంటూరు దాటి

మాది కొల్లేటి పల్లం. అక్కడ నేల ఎత్తుని అడుగుల్లో లెక్క కడతారు. ఐదో కాంటూరు లోపలిదంతా 1999లో అభయారణ్యం అయింది. 2006లో అందులో ఉన్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్లెక్కడమే కొండెక్కడంగా పెరిగినదాన్ని. మెట్టిన ఏలూరూ బల్లపరుపే. అలాంటిదాన్ని అండమాన్ వెళ్ళి కొండదారిలో నడుస్తానంటే ఇంట్లో నవ్వరూ మరి?

ఆ కొండ మీకూ తెలిసిందే. పోపులడబ్బాలో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటుంటే తిప్పి చూడండి. ఆ చెట్లూ, ఆ సముద్రమూ దాటి కనపడేది మౌంట్ హారియెట్టే. హారియెట్ ఓ తెల్లదొర భార్య. 2021లో పేరు మౌంట్ మణిపూర్ అయింది. ఆడదాని పేరు ఎన్నాళ్ళు ఉండనిస్తారులే అని మూతి విరిచాను గాని, 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ మహారాజుని ఇక్కడికి ఖైదీగా పంపారని విన్నాక ఇక మాట్లాడలేదు.

పైదాకా కారు పోతుంది. మావారు మోకాళ్ళు నిమురుకుంటూ అక్కడే బెంచీమీద చేరగిలబడ్డారు. అక్కణ్ణించి కాలాపత్థర్ దాకా రెండు కిలోమీటర్లు అడవిలో కాలిదారి. పన్నెండేళ్ళు మా అత్తగారి మంచానికీ వంటింటికీ మధ్య నేను నడిచిన నడకతో పోలిస్తే అదెంత!

దారి చూపే అబ్బాయి తాత శ్రీకాకుళం నుంచి వలస వచ్చాడట. "బేగి రానక్కర్లేదమ్మా, మెల్లగా రండి," అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

కొల్లేట్లో ఎటు చూసినా ఆకాశమే. ఇక్కడ ఆకాశం చిల్లర డబ్బుల్లా ఆకుల సందున అక్కడక్కడా. పడౌక్ చెట్ల మొదళ్ళు పలకలు తేలి మా వంటింటి గోడంత ఉన్నాయి. వాన వెలిసిందేమో, జలగలు! మాతో వచ్చిన పట్నం పిల్లలు కెవ్వుమని గెంతులు. జలగలకి నేను కొత్తా? జామకాయల కోసం తెచ్చుకున్న ఉప్పు పొట్లం విప్పి ఒక్కొక్కటే రాల్చాను. అంతవరకూ "ఆంటీ, మీరు ఆగిపోండి" అన్నవాళ్ళు తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అయినా ఎగుడు దగ్గర ఆయాసం వచ్చి ఓ వేరుమీద కూర్చున్నాను. పిల్లలు ముందుకి పోయారు. ఆ అబ్బాయి మాత్రం పోలేదు. నా ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నిలబడి, 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో ఈ కొండమీద పొద్దుగూకడం చూసి దిగి, రేవులో పడవెక్కబోతుంటే షేర్ అలీ అనే ఖైదీ పొడిచేసిన కథ చెప్పాడు. కథ సగమే విన్నాను. నాకోసం ఒక మనిషి ఆగి ఎన్నాళ్ళయిందా అని లెక్కపెట్టుకుంటున్నాను. లెక్క తేలలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని లేచాను.

కాలాపత్థర్ అంటే ఓ నల్లరాయి, కింద లోయ. ఖైదీల్ని ఇక్కణ్ణించే తోసేసేవారని చెబుతారు. జామకాయ నోట పెట్టబుద్ధి కాలేదు.

తిరిగొచ్చాక మావారు ఫ్లాస్కులోంచి టీ వంపి ఇచ్చారు. ఇది మాత్రం కొత్తే. "ఏముందోయ్ అక్కడ?" అన్నారు.

"రాయి. ఈ దీవులన్నిట్లోకీ ఎత్తయింది శాడిల్ పీక్‌ట. దిగ్లీపూర్ దగ్గర. 732 మీటర్లు," అన్నాను.

ఆయన కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.